తెనాలి రామకృష్ణుడు రాయలవారి కొలువులో ఉన్నాడా?

తెలుగునాట ఏ పిల్లవాణ్ణి ఆపి అడిగినా శ్రీకృష్ణదేవరాయలవారి కొలువులో తెనాలి రామకృష్ణుడుండేవాడని తడుముకోకుండా చెబుతాడు. పాలంటే పారిపోయే పిల్లి, రాత్రంతా బావిలో నీళ్ళు తోడి తోట తడిపిన దొంగలు, తాతాచార్యులవారి పరాభవం, ఇవన్నీ వాడికి నోటికి వచ్చు. ఉన్నత పాఠశాలల్లో తెలుగు చెప్పిన ముప్పైయేళ్ళ పైచిలుకు కాలంలో ఏటా కొత్త తరగతిని ఒక ప్రశ్న అడగడం నాకు అలవాటు. “రామకృష్ణుడు వ్రాసిన పుస్తకం పేరేమిటి?” అంతవరకూ పైకి లేచి ఉన్న చేతులన్నీ దిగిపోయేవి. ఒక ఏడు మాత్రం వెనుక బల్ల మీది కుర్రవాడొకడు ధైర్యంగా లేచి “చందమామ అండీ” అన్నాడు. తరగతి నవ్వింది గానీ నాకు వాడి జవాబు అబద్ధమనిపించలేదు. మనకు తెలిసిన రామకృష్ణుడు నిజంగా చందమామ వాడే.

మరి కావ్యం వ్రాసిన రామకృష్ణుడెవరు? ఆయన కృష్ణదేవరాయల ఆస్థానకవి అనడానికి ఆయన వ్రాతలో ఆధారమేమైనా ఉన్నదా? సూటిగా చెప్పాలంటే, లేదు. ఈ మాట నేను కొత్తగా కనిపెట్టినది కాదు. పండితులు ఏనాటి నుంచో చెబుతున్నదే. అయినా పాఠశాల దాటి, పత్రిక దాటి, చలనచిత్రం దాటి జనంలోకి రాలేదు. ఎందుకు రాలేదో కూడా ఆలోచించవలసిన విషయమే.

పాత తెలుగు కావ్యానికి అవతారిక అని ఒక ముందుభాగం ఉంటుంది. ఈనాటి పాఠకులు దాన్ని దాటేసి కథలోకి పోతారు. చరిత్ర కావలసినవాడు మాత్రం అక్కడే కూర్చోవాలి. ఇష్టదేవతాస్తుతి, గురుస్తుతి, పూర్వకవిస్తుతి, కుకవినింద అయ్యాక కవి అసలు విషయానికి వస్తాడు. కృతిభర్త ఎవరు, ఆయన వంశమేమిటి, తాతముత్తాతలు ఏ రాజు దగ్గర ఏ పని చేశారు, ఏ రోజున ఏ సభలో తన్ను పిలిచి, ఎంత మన్నించి, ఏ కథ వ్రాయమని అడిగాడు, ఇదంతా చెబుతాడు. చివర షష్ఠ్యంతాలని కొన్ని పద్యాలుంటాయి. కృతిభర్త గుణాలను వర్ణించి, “అట్టివానికి” ఈ కావ్యమని సమర్పించే పద్యాలవి. ప్రతి ఆశ్వాసం చివర గద్య ఉంటుంది. అందులో కవి తన పేరు, తండ్రి పేరు వంటివి ముద్ర వేసినట్టు చెప్పుకుంటాడు. ఈ అవతారికలలో పొగడ్త పాలు ఎక్కువే. కానీ కవికి తిండి పెట్టిన చేయి ఎవరిదన్న విషయంలో పొరపాటు ఉండదు. అన్నం పెట్టినవాడి పేరు మరిచిపోయే కవి ఆ రోజుల్లో లేడు!

అల్లసాని పెద్దన మనుచరిత్ర చూడండి. రాయలవారు సభలో తన్నెలా పిలిచారో, ఏమడిగారో కవి ఎంత సంబరంగా చెప్పుకున్నాడో. నంది తిమ్మన పారిజాతాపహరణమూ రాయలకే అంకితం. ఈ ఇద్దరూ రాయల కొలువు కవులని చెప్పడానికి ఏ చాటుకథా అక్కర్లేదు. వారి అవతారికలే చాలు.

ఇప్పుడు తెనాలివారి కావ్యాల దగ్గరకు వద్దాం. మొదటిది ఉద్భటారాధ్య చరిత్రము. కవి పేరు రామలింగడు. శైవకావ్యం. కొండవీటి పాలకుడు నాదెండ్ల గోపమంత్రి దగ్గర ఉన్న ఊర దేచయకు అంకితం. గోపమంత్రి తిమ్మరుసుగారి మేనల్లుడు. రాయలు కొండవీడు గెలిచినది 1515లో. అంటే ఈ కావ్యం ఆ తరువాతిది. రెండవది పాండురంగ మాహాత్మ్యము. ఇది వైష్ణవకావ్యం, కవి పేరు రామకృష్ణుడు. అంకితం విరూరి వేదాద్రికి. ఈయన చక్రవర్తి కాదు, ఒక ప్రభువు దగ్గర వ్రాయసం చేసే ఉద్యోగి. ఘటికాచల మాహాత్మ్యము అని మూడవది ఒకటి ఆయన పేరనే ఉన్నది. రామలింగడు, రామకృష్ణుడు ఒకరేనా, ఇద్దరా అని చాలా చర్చ నడిచింది. ఒక్కడే మతం మార్చుకొని పేరు మార్చుకొన్నాడన్నది ఎక్కువమంది ఒప్పుకొన్న మాట. నాకూ అదే సబబనిపిస్తుంది.

ఈ మూడింటిలో ఒక్కటీ రాయలకు అంకితం కాదు. రాయలు 1509 నుంచి 1529 వరకు ఏలాడు. రామలింగడు పడుచువాడుగా కొండవీటి ప్రాంతంలో కవిత్వం మొదలుపెట్టిన నాటికి రాయలు హంపిలో ఉండి ఉండవచ్చు. పాండురంగ మాహాత్మ్యము నాటికి లేడు. దానిని రాయల తరువాతి కాలంలోనే పెడతారు సాహిత్య చరిత్రకారులు. కాలం అంచులు తాకితే తాకి ఉండవచ్చు గాని, కొలువు తాకిన జాడ లేదు. రాయలవంటి ప్రభువు తన్ను రోజూ పక్కన కూర్చోబెట్టుకొని నవ్వి ఉంటే, ఆ ముచ్చట తన అవతారికలో ఒక్క పద్యంలోనైనా చెప్పుకోని కవి ఉంటాడా?

“అష్టదిగ్గజాలలో ఒకడు గదా” అంటారు. అష్టదిగ్గజాలు అనే మాట పాతదే. కడప జిల్లా తిప్పలూరును అష్టదిగ్గజ కవులకు ఇచ్చినట్టు ప్రసిద్ధి. కానీ ఆ ఎనిమిదిమంది ఎవరన్న పట్టిక మాత్రం తరువాతివారు కూర్చినదే. అందుకే పట్టికలు కలవవు. కొందరు కందుకూరి రుద్రకవిని చేరుస్తారు, కొందరు తీసేస్తారు. మనం బడిలో చదువుకొన్న ఎనిమిది పేర్లలో రామరాజభూషణుడు ఉన్నాడు. ఆయన వసుచరిత్ర తిరుమలరాయలకు అంకితం. 1565లో తల్లికోట యుద్ధం జరిగి, హంపి పాడై, రాజధాని పెనుగొండకు తరలిపోయిన నాటి ప్రభువు తిరుమలరాయలు. కృష్ణరాయలు పోయి అప్పటికి దాదాపు నలభై ఏళ్ళు! పింగళి సూరన కళాపూర్ణోదయము నంద్యాల కృష్ణమరాజుకు అంకితం. అయ్యలరాజు రామభద్రుని రామాభ్యుదయము అళియ రామరాజు మేనల్లుడు గొబ్బూరి నరసరాజుకు అంకితం. మాదయగారి మల్లన రాజశేఖర చరిత్రము నాదెండ్ల అప్పామాత్యునికి. ధూర్జటి తన కావ్యాన్ని శ్రీకాళహస్తీశ్వరునికే ఇచ్చుకొన్నాడు. ఇలా చూస్తూ పోతే ఎనిమిదిమందిని ఒకే సాయంత్రం ఒకే భువనవిజయంలో కూర్చోబెట్టడం ఎవరి తరమూ కాదు. మన ఊళ్ళలో సాహిత్య సంఘాలవారు పట్టు తలపాగాలు చుట్టుకొని వేసే భువనవిజయం రూపకంలో తప్ప.

ఆ కాలంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసువారు ఇద్దరు వివరంగా వ్రాసి పెట్టారు. డొమింగో పేస్ 1520 ప్రాంతంలో వచ్చాడు. న్యూనిజ్ మరి కొన్నేళ్ళకు వ్రాశాడు. వీరి వ్రాతలను సూయెల్ 1900లో ఆంగ్లంలో ప్రకటించాడు. రాయల రూపం, మహర్నవమి సంబరాలు, మల్లయుద్ధాలు, నాట్యకత్తెల నగలు, సేనలు, సంతలో వస్తువులు అన్నీ ఉన్నాయి. తెనాలివాడి ఊసు లేదు. పరదేశులకు తెలుగు కవులతో పనేమిటి అనవచ్చు, నిజమే. కాని కథల్లో చెప్పినట్టు సభలో నిత్యం అల్లరి చేసే మనిషి ఉంటే పరదేశి కంటికే ముందు ఆనుతాడు గదా.

ఇక తాతాచార్యులు. ఆ వంశంవారు విజయనగర రాజులకు గురువులైన మాట నిజమే. వారిలో మిక్కిలి ప్రసిద్ధులైన లక్ష్మీకుమార తాతాచార్యులు 1586–1614 నడుమ ఏలిన రెండవ వేంకటపతిరాయల నాటివారు. కథల్లోని తాతాచార్యులు ఏ తాతాచార్యులో కథకులు చెప్పరు. వారికి కావలసినది ఎగతాళి చేయడానికి ఒక పెద్ద బొట్టు, పెద్ద ఉత్తరీయం.

ఇటువంటి కలగాపులగం మనకొక్కరికే లేదు. సంస్కృతంలో బల్లాలుడు భోజప్రబంధమని ఒకటి వ్రాశాడు. పదహారవ శతాబ్దిది. ధారానగరంలో భోజరాజు కొలువులో కాళిదాసు, భవభూతి, బాణుడు, మాఘుడు అందరినీ వరసగా కూర్చోబెట్టాడు. భోజుడు పదకొండవ శతాబ్దివాడు. బాణుడు ఏడవ శతాబ్దిలో హర్షుని దగ్గర ఉన్నవాడు. కాళిదాసు పేరు 634 నాటి ఐహొళె శాసనంలోనే భారవి పేరుతోపాటు ఉన్నది. అయితేనేం, మంచి రాజుకు మంచి కవి ఉండి తీరాలి, గొప్ప రాజుకు గొప్ప కవులందరూ ఉండాలి. లోకం లెక్క అది. మనవారు కృష్ణరాయలకు ఆంధ్రభోజుడని బిరుదిచ్చారు. భోజుడన్నాక కాళిదాసు రావద్దా? ఇంకొక పోలిక చూడండి. కాళిదాసు మందబుద్ధి, కాళికాలయంలో అమ్మవారు కరుణించి కవిని చేసింది. రామకృష్ణుడు చదువురాని కుర్రవాడు, కాళికాలయంలో అమ్మవారు వేయి తలలతో కనబడితే “ఒక్క ముక్కుకు జలుబు చేస్తేనే తుడుచుకోలేక చస్తున్నాము, ఇన్ని ముక్కులకు చేస్తే ఎలాగమ్మా” అని నవ్వాడు. ఆమె వికటకవివి కమ్మని శపించిందో దీవించిందో అన్నది. ఎటు నుంచి చదివినా ఒకటే అయిన ఆ మాట ఎంచుకొన్నవాడు గట్టివాడు. గుడి అదే, దేవత ఆమే, మనిషి మారాడు. కాళిదాసు అచ్చులో మన కవిని పోత పోశారు.

హాస్యకథల సంగతి మరీ చిత్రం. రాజుగారిచ్చే బహుమానంలో వాటా ఇస్తేనే లోపలికి వదులుతానన్న ద్వారపాలకుడికి, బహుమానంగా కొరడాదెబ్బలు కోరుకొని వాటా పంచిన కథ మనకు తెలుసు. అదే కథ యూరపు దేశాల్లో మధ్యయుగాల నుంచీ ఉన్నది. ఉత్తరాదిన బీర్బలు పేర, వంగదేశంలో గోపాల్ భాండ్ పేర, తురుష్కదేశాల్లో ముల్లా నస్రుద్దీన్ పేర తిరిగే కథలు కొన్ని మన తెనాలి పేర కూడా తిరుగుతాయి. కథలకు కాళ్ళున్నాయి, వచ్చిన చోట అద్దెకు ఒక పేరు తీసుకొంటాయి.

మరి ఈ పేరు ఎలా దొరికింది? నాకు తోచినది చెబుతాను. హంపి కూలిన తరువాత తెలుగువారు మధుర, తంజావూరు నాయకరాజుల కొలువుల్లో తలదాచుకొన్నారు. అక్కడ కూర్చొని పోయిన రాజ్యాన్ని తలచుకోవడం మొదలైంది. రాయవాచకము అనే వచనగ్రంథం చూడండి. రాయల కాలంలోనే ఒక స్థానాపతి వ్రాసి పంపిన నివేదికలాగా కనిపిస్తుంది. నిజానికది 1600 ప్రాంతంలో మధుర నాయకుల నీడలో పుట్టినదని ఫిలిప్ వాగ్నర్ 1993లో విపులంగా చూపించారు. పోయిన ఇంటి గురించి చెప్పుకొనేటప్పుడు ఎవరికైనా ఇల్లు కొంచెం పెద్దదవుతుంది. పెరట్లో లేని మామిడిచెట్టు కూడా కాస్తుంది. నలభై ఏళ్ళ కవులందరూ ఒక్క సభలోకి వచ్చింది అలాగే అనుకొంటాను. మన రామకృష్ణుడు తమిళులకు తెన్నాలి రామన్‌గా అంత సొంతమైపోవడానికీ ఆ వలసలే దారి అయి ఉంటాయి. 1900 ప్రాంతంలో నటేశశాస్త్రిగారు ఈ కథలను ఆంగ్లంలో అచ్చువేసినది కూడా ఆ తమిళదేశం నుంచే. ఆ పైన 1956లో బి.ఎస్. రంగాగారి చలనచిత్రం వచ్చింది. అక్కినేనివారు రామకృష్ణుడు, నందమూరివారు రాయలు. ఇక ఎవరు ఏ శాసనం చూపించినా వినేదెవరు?

ఇంత చెప్పానని చాటుకథలంటే నాకు చులకన అనుకోవద్దు. ఎంతమాత్రమూ కాదు. ఏనుగుల మంద దోమ గొంతులో దూరిందన్న సమస్య కథ మీకందరికీ తెలిసే ఉంటుంది. ఎవరో కిట్టనివారు కాపలావాడి చేత ఆ సమస్య అడిగిస్తారు. రామకృష్ణుడు వాడికి తగినట్టు తిట్టి పూరిస్తాడు. అదే సమస్యను సభలో రాజు అడిగితే క్షణంలో గొంతు మార్చి, జూదమాడి రాజ్యం పోగొట్టుకొన్న పాండవులు విరాటుని కొలువులో చేరిన వైనంగా పూరిస్తాడు. ఏనుగులవంటివారు దోమవంటివాడి పంచన చేరడం! నేను తొమ్మిదో తరగతిలో సమస్యాపూరణ చెప్పినప్పుడల్లా ఈ కథతోనే మొదలుపెట్టేవాణ్ణి. అడిగినవాడిని బట్టి అర్థం మారడమంటే ఏమిటో ఏ అలంకారశాస్త్రమూ ఇంత సులువుగా చెప్పలేదు. ఆ రెండవ పద్యం కట్టినవాడు గొప్పవాడు. పేరు చెప్పుకోకుండా తన పద్యాన్ని రామకృష్ణుడికి ధారపోసి వెళ్ళిపోయాడు. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు చాటుపద్య మణిమంజరిలో ఇటువంటివాటిని ఏరి కూర్చకపోతే ఎన్ని నశించి ఉండేవో. ఈ చాటువులు కవుల చరిత్ర కావు, పాఠకుల విమర్శ అన్న ధోరణిలో వెల్చేరు నారాయణరావుగారు, డేవిడ్ షుల్మన్ గారు 1998లో ఒక మంచి పుస్తకమే వ్రాశారు. ఎవరి కవిత్వం ఎవరితో పోల్చదగినదో, ఎవరిది ఏ రుచో జనం కథలు కట్టి చెప్పుకొన్నారు. శ్రీనాథుణ్ణీ పోతన్ననూ బావామరదులను చేసినదీ అందుకే. చరిత్రగా అది నిలవదు. కాని రాజుల పందిట్లో తిరిగిన కవిత్వాన్నీ, రామునికే ఇచ్చుకొన్న కవిత్వాన్నీ ఒకే అరుగు మీద ఎదురెదురుగా కూర్చోబెట్టాలనిపించినవాడికి రెండూ బాగా తెలుసు.

తెనాలి విషయంలో మాత్రం నష్టం జరిగింది. కథ కవిని మింగింది. పెద్దన మీద ఎన్ని కథలున్నా ప్రవరుణ్ణి ఎవరూ మరిచిపోలేదు. ధూర్జటి మీద ఎన్ని కథలున్నా తిన్నడు నిలిచాడు. రామకృష్ణుడి దగ్గరకు వచ్చేసరికి పిల్లి మిగిలింది, నిగమశర్మ పోయాడు.

నిగమశర్మోపాఖ్యానం చదవనివారి కోసం కొంచెం చెబుతాను. పిఠాపురంలో సభపతి అనే వేదవేత్తకు కొడుకు నిగమశర్మ. పేరులో వేదముంది, నడతలో లేనిది లేదు. తండ్రి ఆస్తి కరగదీశాడు, ఇల్లాలిని పట్టించుకోడు. తమ్ముడి సంగతి విని అక్క పిల్లలతో, మగనితో పుట్టింటికి వస్తుంది. మెల్లగా దగ్గరకు తీసి, బుజ్జగించి, ఇంటి పరువు గుర్తుచేసి, బుద్ధి చెబుతుంది. ఆ మాటలు వింటుంటే మన ఇంట్లో పెద్దక్క గొంతే వినపడుతుంది. తమ్ముడు కొన్నాళ్ళు బుద్ధిమంతుడిలా నటించి, అదను చూసి ఇంట్లో ఉన్న నగలన్నీ మూటగట్టుకొని ఉడాయిస్తాడు. తెల్లవారింది. ఇల్లంతా ఏడుపు. అక్క కూడా ఏడుస్తుంది, పోయిన తన ముక్కర కోసం! అంత ప్రేమగల అక్కే. తమ్ముణ్ణి బాగుచేయాలని వచ్చినదే. అయినా ఆ క్షణాన ముక్కరే గుర్తొచ్చింది. కవి ఆమెను వెక్కిరించడు, తప్పు పట్టడు. ఏడవనిస్తాడు. చదివే మనకు నవ్వూ వస్తుంది, జాలీ కలుగుతుంది, ఏది ముందొచ్చిందో చెప్పలేము. ఆ తరువాత నిగమశర్మ దొంగల పాలబడతాడు, ఆదరించిన రైతు ఇంటికే ద్రోహం చేస్తాడు, దిగజారి దిగజారి చివరకు నరసింహక్షేత్రంలో ప్రాణం విడుస్తాడు. అప్పుడు యమభటులకూ విష్ణుదూతలకూ వాదం. క్షేత్రమహిమ చెప్పాలి గనుక చెప్పాడు. కవి మనసు మాత్రం పిఠాపురంలో ఆ ఇంట్లోనే ఉన్నది. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు నిగమశర్మ అక్క మీద ఒక వ్యాసమే వ్రాశారు. ఒక కావ్యంలో నాయిక కాని, పేరైనా లేని పాత్ర మీద అంత పెద్దాయన కలం పట్టారంటే ఆలోచించండి.

హాస్యకవి అని జనం ఆయనకు పెట్టిన పేరు అబద్ధం కాదని నాకెప్పుడూ అనిపిస్తుంది. ఆ హాస్యం వెతకవలసిన చోటు వేరు. ఇంకొకరిని ఓడించి నవ్వే నవ్వు కథల్లోనిది. ముక్కర దగ్గర వచ్చే నవ్వులో ఓడినవారెవరూ లేరు. కథల తెనాలికి ఎదుట ఎప్పుడూ ఒక తెలివితక్కువవాడు కావాలి. కావ్యం వ్రాసిన తెనాలికి మామూలు మనుషులు చాలు.

“అయితే ఏమంటారు మాష్టారూ, ఆ కథలు లేకపోతే ఈ పేరు కూడా మిగిలేది కాదు గదా” అని ఒక మిత్రుడు వాదించాడు. నిజమే, విరూరి వేదాద్రి పేరు ఎవరికి తెలుసు? అయితే పేరు మిగలడం వేరు, ఆ పేరు గలవాడు మిగలడం వేరు. కథలను పిల్లలకు చెప్పవద్దని నేననను. నేనూ మనవలకు చెబుతాను, పిల్లి కథ అడిగి మరీ చెప్పించుకొంటారు. పాఠ్యపుస్తకంలో కవి పరిచయం వ్రాసేటప్పుడు మాత్రం “రాయల ఆస్థాన విదూషకుడు” అన్న మాట దగ్గర కలం ఆపి, పాండురంగ మాహాత్మ్యము ఎవరికి అంకితమో ఒక వాక్యం వ్రాస్తే బాగుంటుంది. ఒక్క వాక్యమే. దానికి కొత్త పరిశోధన అక్కర్లేదు, అవతారిక విప్పితే చాలు.

చదవాలనుకొనేవారికి ఒక సలహా. మొదటి పద్యం నుంచి మొదలుపెడితే సమాసాలు చూసి బెదరవచ్చు. పదబంధం బిగువుగా ఉంటుంది, ఒక్కోచోట నిఘంటువు దగ్గర పెట్టుకోక తప్పదు. టీకాతాత్పర్యాలున్న ప్రతి సంపాదించి, నేరుగా నిగమశర్మోపాఖ్యానం తెరవండి. అక్క పుట్టింటికి వచ్చిన చోటు నుంచి పైకి చదవండి, గొంతెత్తి చదవండి. ఇంట్లోవాళ్ళు వచ్చి ఏమిటని అడిగితే అర్థం చెప్పండి. మా ఇంట్లో అలా అడిగినవారు ముక్కర దాకా కదలకుండా విన్నారు.